ఆ పాట చివరి విరుపు

ఆ పాట ఎక్కడ వినపడినా చివరి పల్లవి అయ్యేదాకా నేను అక్కడి నుంచి కదలను. కూరగాయల సంచి చేత్తో పట్టుకుని, చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద మిఠాయి దుకాణం ముందు ఎండలో నిలబడిపోయిన రోజులున్నాయి. దుకాణమతను "ఏం గావాలమ్మా?" అని అడిగితే మొహమాటానికి ఏదో ఒకటి కొనేదాన్ని. నాకేమో షుగరు. తెచ్చినదంతా పక్క పోర్షన్ వాళ్ళకు ఇచ్చేదాన్ని. వాళ్ళు ఇప్పటికీ నన్ను చాలా పెద్దచెయ్యి గల మనిషనుకుంటారు.

చివరిదాకా ఎందుకు ఆగాలంటే, ఆ పాడుతున్నది ఎవరో అక్కడే తేలుతుంది. అంతవరకూ నాకు కూడా తేడా తెలియదు. చివరి పల్లవి అయిపోగానే వాయిద్యాలు టక్కున ఆగిపోతే అది పెద్దావిడ పాడింది. ఆగకుండా తబలా ఇంకో చుట్టు నడిచి, ఆ నడకమీద మాటల్లేకుండా గొంతు ఒక్కసారి పైకెళ్ళి, అక్కడ కాస్త నిలబడి, మెట్టు మెట్టుగా కిందికి దిగే విరుపు వస్తే అది నేను. పెద్దావిడ అంటే ఆ పాటను మొట్టమొదట సినిమాలో పాడిన ఆవిడ. పేరు చెప్పక్కర్లేదు. తెలుగు రేడియో ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళెవరికైనా తెలుసు.

సినిమా ఇప్పుడెవరికీ గుర్తులేదు. ఎదురుచూసి ఎదురుచూసి విసిగిన ఆడమనిషి కిటికీ దగ్గర నిలబడి పాడుతుంది, అంతే. కానీ పాట మాత్రం సినిమాను వదిలేసి తన బతుకు తాను బతికింది. సినిమాలో మూడు చరణాలుండేవి, చివర పల్లవి రెండుసార్లు వచ్చేది. గ్రామఫోను ప్లేటు మీద అంత పాట పట్టదు. ఒక చరణం తీసేశారు, చివర రెండో పల్లవి కోసేశారు. రేడియోలో వేసింది ప్లేటు కాబట్టి, సినిమా చూసినవాళ్ళది ఒక పాట, ఇంట్లో కూర్చుని విన్నవాళ్ళది ఇంకో పాట అయింది. తర్వాత పెద్దావిడే పెద్ద ఆర్కెస్ట్రాతో మళ్ళీ పాడారు, ఆ రెండోది ఎవరికీ పట్టలేదు. పక్క భాషలవాళ్ళు బాణీ పట్టుకుపోయారు. పెళ్ళి బ్యాండుల వాళ్ళు క్లారినెట్ మీద వాయించారు. గణేశ్ నవరాత్రుల్లో అదే బాణీకి విఘ్నేశ్వరుణ్ణి పెట్టి పాడారు. ఎదురుచూపు పాటలోకి ఎలుక వాహనం ఎలా ఎక్కిందో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడు డప్పుల్లాంటి చప్పుడొకటి కింద కలిపి ఫోన్లలో వస్తోంది. నేను అన్నీ విన్నాను. ఏదీ వదల్లేదు.

క్యాసెట్ల కాలంలో వర్షన్ రికార్డింగ్ అనే పని ఒకటుండేది. అసలు పాటల హక్కులు పెద్ద కంపెనీల దగ్గర ఉండేవి. చిన్న కంపెనీలవాళ్ళు అవే పాటల్ని మాలాంటి వాళ్ళతో మళ్ళీ పాడించి, అట్టమీద ఆ హీరోయిన్ బొమ్మే వేసి, వర్షన్ అన్న మాటను చీమ తలంత అక్షరాల్లో ఎక్కడో మూలన అచ్చువేసి అమ్మేవాళ్ళు. పాడినవాళ్ళ పేరుండదు. నేనప్పుడు నారాయణగూడలో ఒక స్కూల్లో సంగీతం టీచర్ని, పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాకి కూడా పాడేదాన్ని. ఆర్కెస్ట్రా నడిపే మాస్టారే నన్ను ఆ పనికి పిలిచారు.

స్టూడియో అంటే నారాయణగూడ సందులో ఒక పాత ఇల్లు. గోడలకు రగ్గులూ కొబ్బరి పీచు చాపలూ కొట్టి ఉండేవి. ఫ్యాన్ వేయకూడదు, చప్పుడు మైకులోకి వస్తుంది. ముందు ఒక పూటంతా ఆ ప్లేటు నాకు మళ్ళీ మళ్ళీ వినిపించారు. పెద్దావిడ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడే తీసుకోవాలి. రెండో చరణంలో ఒక మాట మధ్యలో ఆమె గొంతు సన్నగా తెగుతుంది. జనం దాన్ని వెక్కిళ్ళు అంటారు, ఏడుపును దిగమింగింది అంటారు. ఏడుపూ లేదు ఏమీ లేదు, ఊపిరి చాలక గబుక్కున గాలి పీల్చింది. పాడేవాళ్ళకు తెలుస్తుంది. ఆ గాలి కూడా నేను పీల్చాలి.

మాస్టారు అద్దం అవతల నుంచి అన్నారు, "చూడమ్మా, నువ్వు పాడకు. ఆవిడ పాడుతుంది. నువ్వు నోరు అరువివ్వు, చాలు."

నాకు ఒళ్ళు మండింది. కానీ పని పనే కదా, మక్కీకి మక్కీ దింపేశాను. అప్పట్లో అందరం ఒకేసారి వాయించి పాడాల్సిందే, ఒకరు తప్పితే అందరూ మొదటికి రావాల్సిందే. చివరి పల్లవి దాకా నల్లేరు మీద బండిలా వచ్చేశాం. నేను పల్లవి ముగించి నోరు మూశాను. హార్మోనియం ఆగింది, వయొలిన్ ఆగింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు తబలా అతను మాత్రం ఆగలేదు. మేమంతా ప్లేటు విని నేర్చుకున్నవాళ్ళం. అతను ఆ సినిమాను హాల్లో పదేపదే చూసి నేర్చుకున్నవాడు. అతని లెక్కలో ఇంకో పల్లవి ఉంది. కళ్ళు మూసుకుని, తలూపుతూ, హాయిగా వాయించుకుంటూ పోతున్నాడు.

అద్దం అవతల మాస్టారు చేతులు విసిరేస్తున్నారు. టేపు తిరుగుతూనే ఉంది. నాకేం తోచిందో, నోరు తెరిచాను. పల్లవి మళ్ళీ అందుకునే టైము దాటిపోయింది, మాటలు పట్టవు. ఉత్త గొంతుతో పైకి వెళ్ళాను. అక్కడ నిలబడ్డాను. పెద్దావిడ అయితే ఏం చేసేదో నాకు తెలియదు, వినడానికి ప్లేటులో అక్కడ ఏమీ లేదు. నాకు ఎలా దిగాలనిపించిందో అలా దిగాను. తబలా అతను ఆఖరి దెబ్బ వేసి కళ్ళు తెరిచి, అందరి మొహాలూ చూశాడు.

"సిన్మాల గిట్లనే ఉంటది గద మాస్టారూ, రెండుసార్లు వస్తది" అన్నాడు. "నేను ఎన్నిసార్లు జూసిన్నో!"

మళ్ళీ పాడదామంటే ఇంకో పార్టీవాళ్ళు గుమ్మంలో వాయిద్యాలతో నిలబడి ఉన్నారు. మాస్టారు విసుగ్గా అన్నారు, "ఉండనీలెండి. క్యాసెట్టు చివరిదాకా ఎవడు వింటాడు?"

అందరూ విన్నారు. ఆ క్యాసెట్ అంత అమ్ముడుపోతుందని వేసినవాళ్ళు కూడా అనుకుని ఉండరు. కోఠిలో ఫుట్‌పాత్ మీద, బస్టాండుల్లో, హోటళ్ళలో, ఊళ్ళలో పెళ్ళి మైకుల్లో అదే. నేను దాన్ని తీసుకెళ్ళి మా అమ్మకు వినిపించాను. అమ్మ బియ్యం ఏరుతూ కళ్ళు తుడుచుకుంటూ మొత్తం విన్నది. అయిపోయాక, "ఈమె పాట ఎన్నిసార్లు విన్నా అంతే. మరి నువ్వు పాడింది ఎప్పుడు పెడ్తవ్?" అంది. ఇదే నేను పాడింది అని చెప్పాను. అమ్మ ఇంకోసారి పెట్టమని, విని, "అచ్చం ఆమె లెక్కనే ఉంది బిడ్డా" అని మెచ్చుకుంది. స్కూల్లో టీచర్లూ అదే మెచ్చుకోలు. అంతకు మించి నన్నెవరూ ఏమీ అనలేకపోయారు. వాళ్ళ తప్పు కూడా కాదు.

నేను పెళ్ళి చేసుకోలేదు. దానికి ఈ పాటకూ సంబంధం లేదు, సినిమాలు చూసి కథలు అల్లుకోకండి. కుదరలేదు, అంతే. అమ్మ పోయాక చిక్కడపల్లిలో మేమున్న పోర్షన్‌లోనే ఉండిపోయాను. స్కూలు నుంచి రిటైర్ అయ్యాక థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ప్రాణం నిలబడింది, గొంతు బొంగురుపోయింది. ఫోన్లో మాట్లాడితే కొందరు "సార్" అంటారు. ఇంట్లో మాట్లాడ్డానికి మనిషి లేడు కాబట్టి దానివల్ల పెద్ద ఇబ్బందేం లేదు. కొన్ని రోజులు పాలప్యాకెట్ అతనితో తప్ప ఎవరితోనూ మాట అవసరం పడదు. సాయంత్రమయ్యేసరికి నా గొంతు ఉందో లేదో చూసుకోవడానికి ఒకసారి గట్టిగా దగ్గుతాను.

ఈలోగా ఆ పాట ఇంకో దారి పట్టింది. నా క్యాసెట్‌ను ఎవరో మహానుభావుడు కంప్యూటర్లోకి ఎక్కించి పెద్దావిడ పేరు పెట్టేశాడు. అది పాకిపోయింది. ప్లేటు పాటకు బరబర చప్పుడు ఎక్కువ, నాది శుభ్రంగా ఉంటుంది. అందుకని అందరూ దాన్నే వింటున్నారు. దాని కింద కామెంట్లు రాసేవాళ్ళు రాస్తూనే ఉన్నారు, ఆ చివరి విరుపు ఆమెకే సాధ్యమని, ఇప్పటివాళ్ళు అలా పాడమనండి చూద్దామని. టీవీ పోటీలో ఒక చిన్నపిల్ల ప్లేటులో ఉన్నట్టే చక్కగా పాడి ఆపేస్తే, జడ్జి సీట్లో ఆయన "అంతా బాగుందమ్మా, కానీ అమ్మగారి ఆ చివరి విరుపు వదిలేశావు" అని మార్కులు తగ్గించాడు. సొమ్మొకడిది సోకొకడిది అని టీవీ ముందు కూర్చుని గట్టిగానే అన్నాను. ఆ పిల్లకేమో పాపం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పెద్దావిడ ఒకసారి చిక్కడపల్లి వచ్చారు. అప్పటికే బాగా పెద్దవయసు. సభ నిండిపోయింది, నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. కుర్చీలో కూర్చునే ఆ పాట పాడారు. గొంతు వణికినా శ్రుతి చెదరలేదు. చివరి పల్లవి అయింది. తబలా ఆగలేదు. ఆమె గొంతు పైకెళ్ళింది, అక్కడ కాస్త నిలబడింది, మెట్టు మెట్టుగా దిగింది. చప్పట్లు ఎంతసేపు కొట్టారో చెప్పలేను.

ఆశీర్వాదం కోసం జనం వరస కడితే నేనూ నిలబడ్డాను. ఇక్కడొక మాట చెప్పాలి. నాకు పేరు అక్కర్లేదు, శాలువాలు అక్కర్లేదు. ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి, ఆ విరుపు విని "ఇది నీ గొంతు" అనాలి. ఆ పాట నుంచి నేను కోరుకున్నది అంతే. అది పెద్దావిడే అంటే ఇంకేం కావాలి? నా వంతు వచ్చాక పాదాలు తాకి, "అమ్మా, చివర్లో ఆ విరుపు..." అన్నాను.

"అదా!" అని నవ్వారు. "జనం అడుగుతారమ్మా, పాడకపోతే ఊరుకోరు. అప్పట్లో పాడినట్టు నాకే గుర్తులేదు. పాడే ఉంటాను."

అంత మామూలుగా, అంత మంచిగా అన్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నాకు అడగడానికి నోరు రాలేదు. వెనక నుంచి ఎవరో జరగమన్నారు, జరిగాను. ఇంటికి నడిచి వచ్చి ఏడ్చాను. కొన్నేళ్ళకు ఆమె పోయారు. ఆ రోజంతా టీవీల్లో నా విరుపే వేశారు.

ఇంకో పిల్ల నాకు కలిసింది ఆ తర్వాతే. పొద్దున పూట పేపర్లు చదవడానికి నేను చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తాను. అక్కడంతా పోటీ పరీక్షల పిల్లలే. అశోక్‌నగర్ హాస్టళ్ళ నుంచి డబ్బాలు కట్టుకుని వచ్చి, చీకటి పడేదాకా చదువుతారు. ఒకరోజు మధ్యాహ్నం ఆవరణలో ఒక అమ్మాయి ఒక్కతే కూర్చుని అన్నం తింటూ ఫోన్లో ఆ పాట పెట్టుకుంది. నేను అలవాటు కొద్దీ ఆగాను. చివరికి వచ్చింది, నాదే. అయిపోగానే ఆ పిల్ల మళ్ళీ మొదటి నుంచి పెట్టింది.

"ఏంది బిడ్డా, అదే పాట మల్ల మల్ల పెడ్తున్నవ్?" అన్నాను.

"మా బాపమ్మ పాట ఆంటీ" అంది. బాపమ్మ అంటే వాళ్ళ నాయనమ్మ, జగిత్యాల దిక్కు పల్లె వాళ్ళది. "బీడీలు చుట్టుకుంట పొద్దంత ఇదే పెడ్తుండె. మా తాత దుబాయ్ నుంచి తెచ్చిన టేప్‌రికార్డర్ల. రీల్ తెగిపోతే గోర్లరంగు వెట్టి అతికిచ్చుకుంటుండె. పోయినేడు సచ్చిపోయింది. ఈడ హాస్టల్ల ఎవ్వరితోటి మాట్లాడబుద్ది గాకపోతే ఇది వింట."

అప్పటి నుంచి మేమిద్దరం మధ్యాహ్నాలు పక్కపక్కన కూర్చునేవాళ్ళం. నేను నిమ్మకాయ పచ్చడి తీసుకెళ్ళేదాన్ని. తను పరీక్ష వాయిదా పడిందనో, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారనో చెప్పేది. పాట సంగతి నేనెత్తలేదు. కానీ ఆ పిల్లను చూసినప్పుడల్లా ఒకటే అనుకునేదాన్ని. పుట్టిన దగ్గర్నుంచి నా గొంతు విన్న మనిషి. పెద్దావిడ ప్లేటు ఎన్నడూ విని ఉండదు. చెప్తే ఈ పిల్లకే చెప్పాలి.

ఒక ఆదివారం హాస్టల్లో మోటర్ కరాబైంది, నీళ్ళు లేవు, తలంటు పోసుకోవడానికి మా ఇంటికి రమ్మన్నాను. వచ్చింది. స్నానం చేసి, కిటికీ దగ్గర తల ఆరబెట్టుకుంటుంటే టీ పెట్టి ఇచ్చాను. తర్వాత నా ఫోన్లో ఆ పాట పెట్టాను. అసలుదాన్ని. ప్లేటు మీది పెద్దావిడను.

తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని శ్రద్ధగా విన్నది. పాట టక్కున ఆగింది. ఆ పిల్ల మొహం చిట్లించింది.

"ఇది ఎవరో కాపీ గొట్టిండ్రు ఆంటీ" అంది. "మంచిగనే పాడింది కని, ఆఖర్ల దొరికిపోయింది సూడుండ్రి. అసలామె అయితే గట్ల ఆపదు."

అసలామె! అద్దం అవతల మాస్టారు నుంచి టీవీలో జడ్జి దాకా అందరికీ ఆ మాట వినిపించాలనిపించింది. చేతిలో టీ గ్లాసు కింద పెట్టాను.

"ఆ అసలామె నేనే బిడ్డా."

పక్కుమని నవ్వింది. ఎగతాళి లేదు ఆ నవ్వులో, ప్రేమే ఉంది. "మా బాపమ్మ గూడ గట్లనే అంటుండె ఆంటీ! పక్కింటోళ్ళు వస్తే, ఆ డబ్బల పాడేది నేనే అని నవ్విస్తుండె."

"మజాక్ గాదు. నారాయణగూడల స్టూడియో ఉండె. నేనే పాడిన."

నవ్వు ఆపి నావైపు చూసింది. నన్ను నొప్పించకూడదని అనుకున్నట్టుంది. "అయితే పాడుండ్రి ఆంటీ" అంది, మఠం వేసుకుని కూర్చుంటూ.

ఆపరేషన్ తర్వాత ఇంకో మనిషి ముందు పాడటం అదే మొదలు. శ్రుతి బాగా కిందికి దించుకుని ఎత్తుకున్నాను. పల్లవి గరగరలాడుతూ వచ్చింది. చరణాలు ఎలాగో దాటాను, పెద్దావిడ గాలి పీల్చిన చోట నేనూ పీల్చాను, అది మాత్రం పోలేదు. చివరి పల్లవి అయింది. తొడమీద తాళం వేసుకుంటూ పైకి వెళ్ళబోయాను. గొంతు సగంలో జీర పోయి ఆగిపోయింది. ఏదో చేసి కిందికి జారాను.

వీధిలో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"మంచిగ పాడిన్రు ఆంటీ, నిజంగ. కని ఆమె గొంతు నాకు తెల్సు. చిన్నప్పటి సంది విన్న. కండ్లు మూసుకున్నా గుర్తు వడ్త."

నా గొంతు గుర్తుపట్టే మనిషి ఒక్కరు కావాలనుకున్నాను. దొరికింది. ఇంత బాగా గుర్తుపట్టే మనిషి కాబట్టే నా ఎదురుగా కూర్చుని నేను కాదంది. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఆ పిల్ల అన్నది నిజం. ఇప్పుడు నా దగ్గరున్నది ఆ గొంతు కాదు.

"ఆ ఆఖరి ముక్క గట్ల గాదు ఆంటీ" అంది. "పైకి వొయ్యి జర ఆగాలె. ఎంబడే దిగద్దు. ఇగో, ఇట్ల."

పాడింది. సంగీతం తెలియని గొంతు, పల్లెటూరి గొంతు. పైకెళ్ళి నిలబడింది. ఏ మెట్టు మీద ఎంతసేపు ఆగాలో అంతసేపే ఆగుతూ దిగింది. ఆ రోజు రగ్గుల గదిలో ఫ్యాన్ లేక చెమటలు కారుతూ నేను ఎలా దిగానో, అలాగే.

"మీరనుండ్రి" అంది.

అన్నాను. సరిగా రాలేదు.

"నిమ్మలంగ ఆంటీ, తొందరేం లేదు" అని, నా చెయ్యి వదలకుండానే మళ్ళీ పాడింది. ఎన్ని వందల మంది పిల్లలకు నేను ఇలా చెయ్యి పట్టుకుని స్వరం చెప్పానో! బుద్ధిగా ఆమె నోటివైపే చూస్తూ మళ్ళీ అన్నాను. పక్క పోర్షన్‌లో కుక్కర్ కూత వేస్తుంటే అది ఆగేదాకా ఇద్దరం ఆగాం. మళ్ళీ అన్నాను.

"ఆఁ, ఇప్పుడు జర ఆమె లెక్క వచ్చింది" అంది ఆ పిల్ల, సంబరంగా.

"ఇంకోసారి చెప్పు బిడ్డా" అన్నాను.